ఇండియన్ ఎయిర్‌లైన్స్ యాదిని బేగంపేటలో నిలపండి: నల్లగొండ, పాలమూరు నుంచి ఒక బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,
ఎయిరిండియా యాజమాన్యానికి,
తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వానికి,

నమస్కారాలు.

మేం నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఉంటున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విశ్రాంత ఉద్యోగులం, వాళ్ళ కుటుంబాలవాళ్ళం. మాలో ఎక్కువమంది లోడర్లుగా, హెల్పర్లుగా, డ్రైవర్లుగా, క్యాంటీన్లో, వర్క్‌షాపులో పనిచేసినవాళ్ళు. పైలట్లకు, ఇంజినీర్లకు సంఘాలున్నాయి, వాళ్ళ మాట ఢిల్లీ దాకా పోతుంది. మా మాట చౌటుప్పల్ దాటడం లేదు. ఇందులోని విషయాల మీద ఇంతకుముందు పలు కార్యాలయాలకు రాశాం. కొన్నింటి నుంచి అందినట్టు రసీదు వచ్చింది. జవాబు ఒక్కదాని నుంచీ రాలేదు. మంత్రి గారు తెలుగువారు, మధ్యలో ఎవరూ చదివి చెప్పాల్సిన అవసరం లేకుండా మా మాట మా మాటగానే వింటారని తెలుగులో రాస్తున్నాం. అందరి తరఫున కలం పట్టింది నేను. నకిరేకల్ దగ్గరి పల్లె మాది. 1978లో హైదరాబాద్ బేగంపేట విమానాశ్రయంలో లోడర్‌గా చేరి, షంషాబాద్‌లో రిటైరయ్యాను.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నామో ముందు చెప్తాను.

2024 నవంబర్ 12న విస్తారా సంస్థ ఎయిరిండియాలో కలిసిపోయింది. 2015 జనవరిలో ఎగరడం మొదలుపెట్టిన సంస్థ అది, నిండా పదేళ్ళు లేవు. అయినా చివరి రోజుల్లో దాని ప్రయాణికులు, సిబ్బంది ఎంత ప్రేమగా వీడ్కోలు చెప్పారో దేశమంతా చూసింది. విలీనం తర్వాత కూడా ఆ విమానాలను గుర్తుపట్టేలా ఎయిరిండియా వాటికి రెండుతో మొదలయ్యే నాలుగంకెల నంబర్లు ఇచ్చింది. మంచి పని చేశారు. ఆ సిబ్బంది మీద మాకు అసూయ లేదు, వాళ్ళూ మా పిల్లల్లాంటివాళ్ళే. కానీ ఆ రోజు టీవీ ముందు కూర్చున్న మా వాళ్ళలో చాలామందికి ఒకటే మాట మనసులో మెదిలింది: మన సంస్థ పోయిననాడు ఎవరైనా ఒక్క మాట అన్నారా?

అనలేదు. 1953 ఆగస్టు 1 నుంచి 2007 దాకా 54 ఏళ్ళు దేశంలోని నగరాలను కలిపిన సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్. 2007 ఆగస్టులో దాన్ని ఎయిరిండియాతో కలిపారు. 2011 ఫిబ్రవరి ఆఖరులో విమానం నంబరు ముందుండే ఐసీ అనే మా కోడ్ తీసేసి అన్ని విమానాలనూ ఏఐ కిందికి తెచ్చారు. కౌంటర్ల మీది బోర్డులు మారాయి, బ్యాగులకు కట్టే ట్యాగులు మారాయి, మాకు కొత్త గుర్తింపు కార్డులు వచ్చాయి. అంతటితో అయిపోయింది. ఆ రెండక్షరాల ఐసీ కోడ్ 2024లో సర్వీసులు మొదలుపెట్టిన గోవా కంపెనీ ఫ్లై91 విమానాల మీద మళ్ళీ కనిపిస్తోంది. అది నిబంధనల ప్రకారం వాళ్ళకు దక్కినదే, వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళు బాగుండాలి. షంషాబాద్ బోర్డు మీద ఐసీ అని చూసినప్పుడు మా గుండె ఒక్క క్షణం ఆగుతుంది, అంతే.

మా సంస్థ కథ 1953 కంటే ముందు, మన గడ్డ మీదే మొదలైంది. ఈ సంగతి హైదరాబాద్‌లోనే ఎక్కువమందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

1945లో నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాల విమాన సంస్థ కలిసి హైదరాబాద్‌లో డెక్కన్ ఎయిర్‌వేస్‌ను నెలకొల్పాయి. దాని కేంద్రం బేగంపేట. 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది కూడా ఆ రైల్వేనే. అంటే రైలు, బస్సు, విమానం మూడూ ఒక్క ఇంటి నుంచే బయలుదేరాయి. దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు పొందిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు వేరే కంపెనీలు ఆడమనిషి అని ఉద్యోగం ఇవ్వకపోతే, 1947లో ఉద్యోగం ఇచ్చింది ఈ డెక్కన్ ఎయిర్‌వేసే. 1953లో కేంద్రం చట్టం చేసి ఎనిమిది విమాన కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ ఏర్పాటు చేసింది. ఆ ఎనిమిదింటిలో మన డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. 99 విమానాలతో కార్పొరేషన్ పని మొదలైంది, వాటిలో ఎక్కువ డకోటాలు. మన కంపెనీ పేరు అప్పుడే పోయింది. దాన్ని కలుపుకున్న సంస్థ పేరు 2011లో పోయింది. ఒక ఊరి యాదిని రెండుసార్లు తుడిచేశారు.

రైలు, బస్సు, విమానం అన్నాను కదా. రైల్వేకు సికింద్రాబాద్‌లో దక్షిణ మధ్య రైల్వే ఉంది. బస్సుకు ఆర్టీసీ ఉంది. ఇవాళ్టికీ ఆర్టీసీ బస్సు నంబరు ప్లేటు మీద జడ్ అక్షరం ఉంటుంది. నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించాడని మా పెద్దలు చెప్పేవాళ్ళు. దేవరకొండ బస్సెక్కే ముసలమ్మకు కూడా ఆ ముచ్చట తెలుసు. విమానానికి అలాంటి ఒక్క అక్షరం, ఒక్క రేకు ముక్క కూడా మిగల్లేదు. హైదరాబాద్ బ్యాంకుకూ ఇదే గతి పట్టింది. 1941లో పుట్టిన ఆ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసింది. అది వేరే లేఖ రాయాల్సిన సంగతి.

ఇండియన్ ఎయిర్‌లైన్స్ అంటే పెద్దోళ్ళు ఎక్కే విమానం, పల్లెటూరి జనానికి దాంతో ఏం పని అని కొందరు అంటారు. ఆ మాట నిజం కాదని నా కళ్ళతో చూసింది చెప్తాను.

బోయింగ్ 737 కింది అరలో మనిషి నిలబడలేడు. మోకాళ్ళ మీద వంగి, ఒకడు తలుపు దగ్గర సామాను అందిస్తుంటే లోపల ఇద్దరు సర్దుకుంటూ పోవాలి. మే నెలలో మధ్యాహ్నం ఆ అర లోపల పెనం మీద కూర్చున్నట్టు ఉండేది. ముందు అరలో ఎన్ని కిలోలు, వెనక అరలో ఎన్ని కిలోలు అనేది ట్రిమ్ షీటు చూసి ఆఫీసరు చెప్తాడు, అటూఇటూ కాకూడదు. అందులో ఏం పోయేవో తెలుసా? ద్రాక్ష పెట్టెలు, మందులు, తెల్లారి సర్వీసులో దినపత్రికల కట్టలు. ఎక్కువగా యాదికొచ్చేవి కోడిపిల్లల పెట్టెలు. పొదిగిన రోజే అట్టపెట్టెల్లో సర్ది పంపేవాళ్ళు. పెట్టెలకు నాలుగు దిక్కులా గాలి బొక్కలు. వాటి మీద ఇంకే సామాను పెట్టొద్దు, గోడకు ఆనించొద్దు, మధ్యలో గాలి ఆడాలి. అర మొత్తం కీచుకీచుమని అరుపులే. పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్ద లోడర్ ఉండేవాడు, మేమంతా బాపు అని పిలిచేవాళ్ళం. పెట్టె ఎత్తే ముందు బొక్కలో వేలు పెట్టి లోపల వేడి చూసేవాడు. ఎండలో ఎక్కువసేపు నిలబెట్టినట్టు అనిపిస్తే ఆఫీసరుతోనైనా సరే జగడం పెట్టుకుని ముందు వాటినే ఎక్కించేవాడు. చదువు రానివాడు. ఆయన చేతి మీదుగా పోయిన పెట్టెలో పిల్లలు చచ్చాయన్న మాట నేను వినలేదు.

ఉత్తరాల సంగతి ఇంకోటి. నాగపూర్ మీదుగా రాత్రిపూట టపా విమానాలు నడిచేవి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి వచ్చిన విమానాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకుని సంచులు మార్చుకుని తెల్లారేసరికి తిరిగి వెళ్ళేవి. 1949లో మొదలైన ఆ పనిని 1953 తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ మోసింది. జన్మలో విమానం ముఖం చూడని తల్లికి పట్నంలో ఉన్న కొడుకు ఉత్తరం రెండు రోజులు ముందు చేరిందంటే దాని వెనక ఆ రాత్రి విమానాలున్నాయి.

1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా జోర్డాన్ దేశపు అమ్మాన్ నుంచి బొంబాయికి 488 విమాన ప్రయాణాలు నడిపి లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్ళను వెనక్కి తెచ్చారు. ఎయిరిండియాతో పాటు ఆ పనిలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా ఉంది. వచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు, కూలికి పోయిన మా పాలమూరు దిక్కువాళ్ళూ ఉన్నారు. చేతిలో చిన్న సంచి, ఒంటి మీద బట్టలు, అంతే. టికెట్ డబ్బులు ఎక్కడివని ఎవరూ అడగలేదు. ప్రభుత్వ సంస్థ కాబట్టి పొమ్మంటే పోయింది.

విలీనం తప్పా ఒప్పా అన్న తగువు మళ్ళీ తెరవడానికి ఈ లేఖ రాయడం లేదు. అయినా మా అభిప్రాయం దాచుకోం. అప్పటికే రెండు సంస్థలూ కలిపి 111 కొత్త విమానాలు కొనడానికి ఒప్పుకున్నాయి, అప్పు నెత్తిన పడబోతోంది. జీతాలు వేరు, ప్రమోషన్ల పద్ధతి వేరు, యూనియన్లు వేరు. వాటిని సర్దకుండానే పేర్లు కలిపారు. జీతాల్లో తేడా మీద 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మెకు దిగారు. ఆ ఏడాదే కాగ్ నివేదిక విమానాల కొనుగోలును తప్పుపట్టింది. సీనియారిటీ లెక్కలు తేల్చడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేయాల్సి వచ్చింది, అదీ విలీనమైన నాలుగేళ్ళకు. పెళ్ళయ్యాక జాతకాలు చూసినట్టయింది. చివరికి 18,000 కోట్ల రూపాయలకు సంస్థను టాటాలకు అమ్మారు. 2022 జనవరి 27న అప్పగింత జరిగింది. ఈ పదిహేనేళ్ళలో ఏ నిర్ణయమూ మమ్మల్ని అడిగి చేసింది కాదు, దాని బరువు మాత్రం మా ఇళ్ళ మీద పడింది. ఎలా పడిందో చెప్తాను.

1. కాగితాల బాధ. ఒకే ఉద్యోగంలో ఉన్న మనిషికి యజమాని పేరు మూడుసార్లు మారి నాలుగు పేర్లయ్యాయి: ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్, ఇండియన్ ఎయిర్‌లైన్స్ లిమిటెడ్, నేషనల్ ఏవియేషన్ కంపెనీ ఆఫ్ ఇండియా, ఎయిరిండియా. నియామక పత్రం మీద ఒక పేరు, ప్రావిడెంట్ ఫండ్ చిట్టా మీద ఒక పేరు, రిటైర్మెంట్ ఆర్డరు మీద ఇంకో పేరు. మనిషి బతికి ఉంటే తానే వెళ్ళి నాలుగు మాటలు చెప్పి పని చేయించుకుంటాడు. చనిపోతే? నాతో పనిచేసిన ఒకాయన భార్య, నేను వదినా అని పిలిచే ఆమె, దేవరకొండ దగ్గర ఉంటుంది. పెన్షన్ కాగితాల్లో సంస్థ పేరు కలవడం లేదని ఒక కార్యాలయంవాళ్ళు ఆమెను ఇంకో కార్యాలయానికి పంపారు, అక్కడివాళ్ళు ఆ సంస్థ ఇప్పుడు లేదన్నారు. పొద్దున మొదటి బస్సుకు బయలుదేరి, సద్ది కట్టుకుని, హైదరాబాద్‌లో రెండు సిటీ బస్సులు మారి పోతే వినాల్సి వచ్చిన మాట అది. భర్త వయసంతా పెట్టిన చోటు లేదంటే ఆమె ఎవరితో చెప్పుకోవాలి? మోకాళ్ళ నొప్పులతో ఆమె ఇప్పుడు తిరగడం మానేసింది. డబ్బు ఎక్కడ ఉందో తెలుసు, తన చేతికి రాదు.

2. క్యాజువల్ కూలీల సంగతి ఇంతకన్నా అన్యాయం. వాళ్ళ పేర్లు ముస్టర్ రోల్‌లో, అంటే రోజువారీ హాజరు రిజిస్టరులో తప్ప ఎక్కడా లేవు. కల్వకుర్తి, అచ్చంపేట, మునుగోడు దిక్కు నుంచి వచ్చి ఏళ్ళ తరబడి రోజుకూలికి సామాను మోసినవాళ్ళున్నారు. బేగంపేట నుంచి షంషాబాద్‌కు 2008 మార్చిలో మారినప్పుడు ఆ పాత రిజిస్టర్లు ఏ గదిలో పడ్డాయో, ఏ చెత్తలో కలిశాయో మాకెవరూ చెప్పడం లేదు. ఆ రిజిస్టరు పోతే ఆ మనిషి అక్కడ పనిచేసినట్టే లేదు.

3. ఆపదలో ఎవరు వస్తారన్న ప్రశ్న. 2020లో కరోనా వేళ విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు ఎయిరిండియా ఇంకా ప్రభుత్వానిదే, ముందు వరసలో నిలబడింది. ఇప్పుడు అది ప్రైవేటు సంస్థ. నారాయణపేట నుంచి, మక్తల్ నుంచి గల్ఫ్‌కు పోయిన కూలీ అక్కడ యుద్ధం వస్తే ఏ విమానం కోసం చూడాలి? టాటాలు సాయం చేయరని మేం అనడం లేదు, చేస్తారనే నమ్మకం ఉంది. కానీ 1990లో ఉన్నది నమ్మకం కాదు, బాధ్యత. రెండింటికీ తేడా ఉంది. ఆ దేశాల్లో చనిపోయినవాళ్ళ పెట్టె ఇంటికి చేరడానికి కుటుంబాలు ఎన్ని తిప్పలు పడతాయో మా పల్లెల్లో చూస్తూనే ఉన్నాం. షంషాబాద్ కార్గోలో అలాంటి పెట్టెలు దించినవాణ్ణి. బయట ట్రాలీ ఆటో పెట్టుకుని నిలబడ్డ అన్నదమ్ములను చూసినవాణ్ణి. దీని గురించి ఇంతకన్నా రాయలేను.

4. పిల్లలకు తెలియకపోవడం. నల్లగొండ ఆడపిల్లలు ఇప్పుడు పైలట్ కావాలని అడుగుతున్నారు, నా మనవరాలే అడుగుతోంది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ మన హైదరాబాద్ కంపెనీలో విమానం నడిపిందని ఆ పిల్లకు బడిలో ఎవరూ చెప్పలేదు. నేను చెప్తే నమ్మలేదు. చూపిద్దామంటే చూపించడానికి ఒక చోటు లేదు.

ఇక మా డిమాండ్లు. ఇవి దయతో ఇమ్మని అడిగేవి కావు, మాకు రావాల్సినవని అనుకుంటున్నాం.

1. బేగంపేట పాత టెర్మినల్‌లో ఒక భాగాన్ని డెక్కన్ ఎయిర్‌వేస్, ఇండియన్ ఎయిర్‌లైన్స్ మ్యూజియంగా మార్చండి. 2008 మార్చి తర్వాత అక్కడ ప్రయాణికుల సర్వీసులు లేవు. రెండేళ్ళకోసారి వింగ్స్ ఇండియా ప్రదర్శన పెడుతున్నారు, లోకంలోని కొత్త విమానాలన్నీ వచ్చి నిలబడతాయి. అవి వెళ్ళిపోయాక అక్కడ మన పాత విమానం ఒకటి శాశ్వతంగా నిలబడితే ఏం పోతుంది? విశాఖ సముద్రతీరంలో నేవీవాళ్ళ టీయూ-142 విమానాన్ని 2017లో మ్యూజియం చేశారు. అంత పెద్ద విమానాన్ని రోడ్డు మీదుగా తీసుకెళ్ళి ఇసుక పక్కన నిలబెట్టగలిగినప్పుడు, రన్‌వే ఉన్న బేగంపేటలో చేయలేమా? మ్యూజియంలో పైలట్ టోపీలు, ఎయిర్ హోస్టెస్ చీరలతో పాటు లోడర్ల ఖాకీ డ్రెస్సు, ట్రిమ్ షీట్లు, సామాను ట్యాగులు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మెలు కూడా ఉండాలి. బడిపిల్లలకు ప్రవేశం ఉచితం కావాలి. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి పిల్లలు వస్తే పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికి చేరే దూరమే.

2. ఎయిరిండియా యాజమాన్యానికి: మీ విమానాల్లో ఒక్కదానికి పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ నారింజ రంగు గుర్తు వేయండి. ఇది మేం కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తనలో కలిసిపోయిన టీడబ్ల్యూఏ, యూఎస్ ఎయిర్‌వేస్ లాంటి సంస్థల రంగులను ఇప్పటికీ కొన్ని విమానాల మీద వేసి తిప్పుతోంది. విలీనమైన సంస్థ పేరును గౌరవించినంత మాత్రాన కొత్త సంస్థకు తక్కువేం కాదు. పైగా మీ విషయంలో ఇంకో మాట ఉంది. 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టినప్పుడు నిజాం రైల్వేతో పాటు టాటాలూ వాటాదారులే. మా సంస్థకు పునాది రాయి వేసినవాళ్ళలో మీరున్నారు, ఇవాళ దాన్ని కలుపుకున్న ఎయిరిండియా కూడా మీ చేతిలోనే ఉంది. విస్తారాకు ఇచ్చిన గౌరవంలో సగమైనా దీనికి ఇవ్వండి.

3. సర్వీసు రికార్డులు. ఇది మొదట రాయాల్సింది, ఎందుకంటే మ్యూజియం కోసం ఇంకో ఏడాది ఆగగలం, వితంతువులు ఆగలేరు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ హైదరాబాద్ సిబ్బంది రిజిస్టర్లు, క్యాజువల్ కూలీల ముస్టర్ రోల్స్‌తో సహా, ఎవరి ఆధీనంలో ఉన్నాయో మంత్రిత్వ శాఖ బయటపెట్టాలి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. సంస్థ పేరు ఎన్నిసార్లు మారినా అది ఒకే యాజమాన్యమని చెప్పే ఒక్క ధ్రువపత్రం జారీ చేస్తే చాలు, దాన్ని ఏ ఆఫీసులో చూపించినా చెల్లాలి. నాలుగు వాక్యాల కాగితం అది. దాంతో పాటు మూడు నెలలకోసారి నల్లగొండలో ఒకరోజు, మహబూబ్‌నగర్‌లో ఒకరోజు అధికారులు వచ్చి కూర్చుని పెన్షన్, వైద్యం కాగితాలు అక్కడికక్కడే చూడాలి. నడవలేనివాళ్ళను హైదరాబాద్ రమ్మనకండి.

4. విదేశాల్లో ఆపద వచ్చినప్పుడు మనవాళ్ళను తీసుకురావడానికి ఏ సంస్థతో ఏ ఏర్పాటు ఉందో, ఖర్చు ఎవరిదో కేంద్రం ముందే రాతపూర్వకంగా ప్రకటించాలి. ఆ ప్రకటన తెలుగులో కూడా ఉండాలి, గల్ఫ్‌కు పోయే ప్రతి కూలీ చేతికీ అందాలి. 1996లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు అనుబంధంగా పుట్టిన అలయన్స్ ఎయిర్ ఇంకా ప్రభుత్వం చేతిలోనే ఉంది. చిన్న విమానాల సంస్థ కాబట్టి అది గల్ఫ్ దాకా పోలేకపోవచ్చు. కానీ ప్రజలకు మిగిలిన విమాన సంస్థ అదొక్కటే. దాన్ని బలపరచండి, అమ్మకండి.

5. డెక్కన్ ఎయిర్‌వేస్ కాగితాలు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, సికింద్రాబాద్‌లో రైల్వే దగ్గర ఏమేం ఉన్నాయో రాష్ట్ర ప్రభుత్వం జాబితా తయారుచేయించి ప్రజలకు అందుబాటులో పెట్టాలి. ఉర్దూలో, ఇంగ్లీషులో ఉన్నవాటిని తెలుగులోకి తేవాలి.

6. నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులను మా దగ్గరికి పంపాలి. మాలో పెద్దవాళ్ళు ఎనభై దాటారు. డకోటా కాలం చూసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. వాళ్ళ మాటలు వాళ్ళ యాసలోనే రికార్డు చేయాలి. బాపు నాలుగేళ్ళ కింద పోయాడు. కోడిపిల్లల పెట్టె ఎలా సర్దాలో ఆయన చెప్పిన పద్ధతి ఏ మాన్యువల్‌లోనూ లేదు. ఇంకా ఆలస్యమైతే మిగిలినవాళ్ళ మాటలూ అలాగే పోతాయి. ఈ పనికి పెద్ద నిధులేం అవసరం లేదు. ఇద్దరు విద్యార్థులు, ఒక రికార్డరు, బస్సు ఛార్జీలు చాలు. దారి ఖర్చు లేదంటే మేమే చందాలేసుకుని పెట్టుకుంటాం.

7. ఎనిమిదో తరగతి లోపు పాఠ్యపుస్తకంలో ఒక్క పేజీ. డెక్కన్ ఎయిర్‌వేస్ పేరు, ప్రేమ్ మాథుర్ పేరు, బేగంపేట ఫొటో.

మా వైపు నుంచి మేం చేయగలిగింది కూడా చెప్తున్నాం. మా ఇళ్ళలో పాత యూనిఫాం బ్యాడ్జీలు, గుర్తింపు కార్డులు, ఫొటోలు, పాత టైంటేబుళ్ళు, లాంగ్ సర్వీస్ మెడల్స్ ఉన్నాయి. కొన్ని చెదలు పట్టాయి, కొన్ని భద్రంగా ఉన్నాయి. మ్యూజియం పెడతామని ప్రభుత్వం ప్రకటించిన రోజే వాటన్నింటినీ ఉచితంగా అప్పగిస్తాం, ఏ వస్తువు ఎవరిదో రాసి ఇస్తాం. రిజిస్టర్లలో పేర్లు గుర్తుపట్టడానికి మా మనుషులు వచ్చి కూర్చుంటారు. జీతం అడగరు.

ఈ లేఖ అందిన రెండు నెలల్లోగా రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. మూడో డిమాండు మీద, అంటే రికార్డుల మీద, అంతకంటే ముందే జవాబు రావాలి. రాకపోతే మాలో నడవగలిగినవాళ్ళం పాత యూనిఫాం వేసుకుని బేగంపేట గేటు ముందు శాంతియుతంగా కూర్చుంటాం. పోలీసు అనుమతికి దరఖాస్తు కూడా ముందే పెట్టుకుంటాం. ఈ లేఖ నకళ్ళు నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ పార్లమెంటు సభ్యులకు, మా జిల్లాల ఎమ్మెల్యేలకు, కలెక్టర్లకు పంపుతున్నాం.

ఇట్లు,
నల్లగొండ, పాలమూరు ఉమ్మడి జిల్లాల ఇండియన్ ఎయిర్‌లైన్స్ విశ్రాంత ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యుల తరఫున
ఒక మాజీ లోడర్, నల్లగొండ